మేడ మీది అర్ర

13 సెప్టెంబర్ 2011, జనగామ

ఈరోజు నుంచి సకల జనుల సమ్మె. బస్సులు లేవు, బడులు లేవు, ఆఫీసులు లేవు. హైదరాబాదులో యూనివర్సిటీ మూతపడుతుందని తెలిసి ముందే పెట్టె సర్దుకుని ఇంటికి వచ్చి పడ్డాను. డిసెంబరులో థీసిస్ ఇవ్వాలి. రాష్ట్రం ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్ళు ఊరినిండా ఉన్నారు గాని నా థీసిస్ ఎప్పుడవుతుందో ఒక్కరూ చెప్పరు.

ఢిల్లీ సెమినార్ వాళ్ళు నా గురించి నాలుగు ముక్కలు పంపమంటే పంపాను. "శిరీష. జనగామలో బి.ఏ., హైదరాబాదులో సమాజశాస్త్రం ఎం.ఏ., ఎం.ఫిల్. ప్రస్తుతం పిహెచ్.డి. పరిశోధనాసక్తులు: కుల అసమానతలు, పట్టణాల్లో నివాసం, సహపంక్తి భోజనం." చదువుకుంటే ఎవరో గొప్పావిడలా ఉంది. బచ్చన్నపేటలో పత్తిచేలు, జనగామలో మేడా ఉన్న రామ్మోహన్ రెడ్డి బిడ్డనని అందులో ఎక్కడా లేదు. వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు.

నాయిన గులాబీ కండువా వేసుకుని పొద్దున్నే జేఏసీ టెంటుకు పోయాడు. వింత ఏమిటంటే అమ్మ కూడా పోయింది. గేటు దాటాలంటే నాయిన ముఖం చూసే మనిషి, ఈరోజు చెప్పులేసుకుని ఆయనకంటే ముందు నడిచింది.

18 సెప్టెంబర్

వరంగల్ రోడ్డు మీద వంటావార్పు. లారీలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. రోడ్డుమీదే మూడేసి రాళ్ళు పెట్టి పొయ్యిలు. ఏ కులసంఘం గిన్నెలు ఆ కులసంఘానివే, ఎవరి పొయ్యి వాళ్ళదే. మావాళ్ళ బగారన్నం ఒక పక్క, గౌడ సంఘం పప్పు ఒక పక్క, చివర లంబాడీ తండా ఆడవాళ్ళ జొన్నరొట్టెలు. వండటం ఎవరికి వాళ్ళే అయినా తినే వేళకు అంతా కలిసిపోయారు. నేను కెమెరా పట్టుకుని అటూ ఇటూ తిరిగాను.

అమ్మ పోయి కమ్లీ పక్కన కూర్చుంది. కమ్లీ ఒకప్పుడు మా చేలో పత్తి ఏరేది. ఇప్పుడు తండా ఆడవాళ్ళను టెంటుకు తెచ్చేది ఆమే. పెనం మీంచి తీసిన రొట్టె అమ్మ చేతిలో వేసి, పైన పండుమిరప తొక్కు పెట్టింది.

"అక్కా, ఇంకొకటి ఎయ్యాల్నా?"

"ఎయ్యవే. పొద్దుటి నుంచి కడుపుల ఏం లేదు."

అక్కా. మా చేలో ఉన్నన్నాళ్ళూ పటేలమ్మా అనేది. అమ్మ రెండు రొట్టెలు తిని చెయ్యి అక్కడే, కమ్లీ చెంబు నీళ్ళతో కడుక్కుంది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోను. ఇంటికి రాగానే నాలుగో అధ్యాయం మొదలుపెట్టాను. పేరు: రోడ్డు మీది పంక్తి. అమ్మ పేరు రాయలేదు. "భూస్వామ్య కుటుంబానికి చెందిన యాభై ఆరేళ్ళ గృహిణి" అని రాశాను.

20 సెప్టెంబర్

కమ్లీ ఇంటికొచ్చింది. వెంట కూతురు రుక్కి. గుడ్డలో చుట్టిన రొట్టెలు తెచ్చింది. గేటు దగ్గరే నిలబడి "పటేలమ్మా" అని పిలిచింది. రోడ్డు నుంచి గేటుకు వచ్చేసరికి అక్క మళ్ళీ పటేలమ్మ అయింది. ఇది రాసుకోవాల్సిన విషయం.

అమ్మ రెండు చేతులా అందుకుంది. "కూసో, కూసో" అని అరుగు చూపించింది. చాయ్ ఇప్పించింది.

"మీరు గూడ తినుండ్రి పటేలమ్మా, వేడివేడిగున్నయి," అంది కమ్లీ.

"ఇయ్యాల ఒక్కపొద్దే కమ్లీ. రేపు తింట."

కమ్లీ తల ఊపింది. ఈ మాటను మా వైపు ఎవరూ ఎదురు ప్రశ్నించరు. ఒక్కపొద్దున్నానంటే ఆ పూట దేవుడు అడ్డం నిలబడ్డట్టే. అమ్మ ఒక్కపొద్దు శనివారం. ఈరోజు మంగళవారం. ఈమధ్య మంగళవారం కూడా మొదలుపెట్టిందేమో.

పోతూ పోతూ గేటు బయట కమ్లీ నన్ను ఆపి అసలు సంగతి చెప్పింది. రుక్కి ఇక్కడే నర్సు ట్రైనింగ్ రెండో ఏడు. సమ్మె అని హాస్టల్ మూసేశారు. దవాఖానకు సమ్మె లేదు కాబట్టి డ్యూటీలు మాత్రం వేస్తున్నారు. తండా నుంచి రావాలంటే బస్సు లేదు. ఆటో దొరికిన రోజు వస్తుంది, దొరకని రోజు లేదు. హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరట.

"మీ మేడ మీద అర్ర ఖాళీగుంది గదా శిరీషమ్మా. సమ్మె అయిపోయేదాంక పిల్ల ఆడ పండుకుంటది. వంట గింట ఏం జెయ్యది, దవాఖాన కాడ్నే తింటది."

"అమ్మనే అడుగకపోయినవా?"

"నేనెట్ల అడుగుత? నువ్వడుగు. నువ్వు సదువుకున్నదానివి, నీ మాట తీసెయ్యరు."

రుక్కి తెల్ల కోటు ప్లాస్టిక్ సంచిలో మడత పెట్టి చంకలో పట్టుకుంది. రెండు రోజుల్లో చెప్తానన్నాను.

21 సెప్టెంబర్

రొట్టెలు బర్రె కుడితి తొట్టిలో కనిపించాయి.

23 సెప్టెంబర్

థీసిస్ కోసం సర్వే. కుర్మవాడ అయింది, బ్యాంకు వీధి సగం అయింది. పదకొండో ప్రశ్న దగ్గర అందరూ తడబడతారు. "మీ ఇంట్లో గది ఖాళీగా ఉంటే వేరే కులం వాళ్ళకు కిరాయికి ఇస్తారా?" ఎవరూ ఇవ్వమని చెప్పరు. రిటైర్డు టీచర్ శకుంతల గారు నాకు లడ్డూ పెట్టి మరీ చెప్పారు.

"నాకేం పట్టింపు లేదమ్మా. నేనైతే రేపే ఇస్త. కింది పోర్షనోళ్ళు ఊకోరు, గదే పరేషాన్."

కింది పోర్షన్ వాళ్ళను అడిగితే, తమకేం లేదు, ఓనరమ్మ ఒప్పుకోదన్నారు. ప్రతి ఇంట్లోనూ ఒప్పుకోని మనిషి పక్కింట్లోనే ఉంటాడు. ఈ వాక్యం బాగుంది, అధ్యాయంలో వాడుకోవాలి.

సాయంత్రం వెంకట్రాం సార్ ఫోన్ చేశారు. నా గైడ్. అమ్మ రొట్టె తిన్న సంగతి చెబితే సంతోషించారు గాని, ఆయన సంతోషానికి ఎప్పుడూ ఒక తోక ఉంటుంది.

"రోడ్డు మీద తిన్నారు, సరే. మీ ఇంట్లో ఆ పదకొండో ప్రశ్న అడిగావా?"

"పరిశోధకురాలి ఇల్లు శాంపిల్‌లో ఉండకూడదు కదా సార్."

ఆయన నవ్వి ఫోన్ పెట్టేశారు. నేను చెప్పింది తప్పేమీ కాదు. ఏ పుస్తకంలో చూసినా అదే ఉంటుంది.

24 సెప్టెంబర్, మహబూబాబాద్

రైల్‌రోకో. కమ్లీ తల్లిగారి తండా ఇటువైపే. ఇక్కడి ఆడవాళ్ళనూ కూడేసింది, నన్నూ రమ్మంది. జేఏసీ జీపులో వచ్చాను. పట్టాల మీద రోజంతా కూర్చున్నాం. డోర్నకల్ నుంచి రావలసిన బండి ఒక్కటీ రాలేదు. రాళ్ళు కాలిపోతుంటే కమ్లీ తన చీరకొంగు పరిచి సగం నాకిచ్చింది.

"అడిగినవా బిడ్డా?"

"అమ్మ ఆలోచిస్తున్నది," అన్నాను.

"ఆలోచన జెయ్యనీయి. పాపం, పటేలు గూడ ఒప్పుకోవాలె గదా."

అడగలేదని చెప్పడానికి అక్కడ వీలు కాలేదు. చుట్టూ నినాదాలు. రేపు ఎట్లాగూ అడుగుతాను కాబట్టి అది పెద్ద తేడా కాదు.

25 సెప్టెంబర్

అమ్మకు తలనొప్పి.

28 సెప్టెంబర్

అడగాలి.

30 సెప్టెంబర్

అడగాలి అని మొన్న రాసి ఊరుకున్నాను. అడిగితే ఏమవుతుందో నాకు ముందే తెలుసు. అమ్మ వద్దు అనదు. "మీ నాయినను అడుగు" అంటుంది. నాయిన "మీ అమ్మ ఇష్టం" అంటాడు. నాలుగు రోజులు ఇద్దరి మధ్యా బంతిలా తిరిగి, చివరికి దేవుడి అర్ర పైనే ఉందనో, బాత్రూం ఒక్కటే ఉందనో తేలుతుంది. రోడ్డు మీద రొట్టె తిన్న అమ్మను నేను చూశాను. ఆ అమ్మ నాకు అలాగే ఉండాలి. కుడితి తొట్టి ఒకసారి చూశాను, అది చాలు.

సాయంత్రం బతుకమ్మకు తంగేడు పూలు పేరుస్తూ అమ్మే అంది:

"మీది అర్ర ముక్కిపోయి వాసనొస్తున్నది. పండుగెల్లినంక దులిపియ్యాలె. ఊకె ఖాళీగ పడావు వెట్టుడెందుకు."

నోటిదాకా వచ్చింది. అప్పుడే కరెంటు పోయింది. బొగ్గు రావట్లేదని రోజుకు ఎన్నిసార్లు పోతుందో లెక్కలేదు. దీపం వెతకడంలో మాట పోయింది. పండుగపూట ఆమె సంతోషంగా ఉంది, ఎందుకు చెడగొట్టడం?

రుక్కి రెండు రోజులుగా డ్యూటీకి రాలేదని దుర్గమ్మ చెప్పింది. దుర్గమ్మ మా ఇంట్లో పని చేస్తుంది, ఆమె చెల్లెలు ఆ దవాఖానలో ఊడుస్తుంది.

3 అక్టోబర్

కమ్లీకి చెప్పేశాను. కుదరదని. అమ్మ ఒప్పుకోలేదని.

టెంటు వెనక నిలబడి విన్నది. "పోనీలే బిడ్డా" అంది. కాసేపు కొంగు అంచు వేలికి చుట్టుకుని, "నువ్వయితే అడిగినవు గదా, గంతే చాలు" అంది.

నేను చెప్పింది అబద్ధం కాదు. రేపు అమ్మ చెప్పబోయేదాన్ని ఈరోజు చెప్పాను, అంతే. ఎటూకాని ఆశలో పెట్టేకంటే ఇది నయం. వాళ్ళు వేరే దారి చూసుకుంటారు.

ఈ రాత నేనే చదువుకుంటే శకుంతల గారి గొంతులా ఉంది. కొట్టెయ్యను, ఉండనీ.

6 అక్టోబర్, దసరా

జమ్మి పెట్టడానికి ఊరంతా వచ్చింది. కమ్లీ రాలేదు. పోయిన ఏడు బచ్చన్నపేటలో అందరికంటే ముందు వచ్చి నాయిన చేతిలో జమ్మి ఆకు పెట్టింది. అమ్మ రెండుసార్లు అడిగింది, కమ్లీ ఏదని. ఒంట్లో బాగా లేదేమోనన్నాను.

12 అక్టోబర్

నాలుగో అధ్యాయం పూర్తి. ముప్పై ఎనిమిది పేజీలు. బాగా వచ్చింది.

15 అక్టోబర్

రుక్కికి హాజరు చాలలేదట. పరీక్షకు కూర్చోనివ్వం అన్నారు. మళ్ళీ ఏడాది రెండో సంవత్సరమే చదవాలి. సమ్మె వల్ల అని ప్రాధేయపడినా వినలేదట. "బస్సులు నడవకపోతే మేమేం జెయ్యాలె, పట్నంల ఎక్కడన్న ఉండాల్సింది" అన్నాడట అక్కడి పెద్దమనిషి. దుర్గమ్మ గిన్నెలు తోముతూ చెప్పింది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి విన్నాను. అమ్మ కూడా విన్నది.

"అయ్యో, ఎవరింట్లనన్న తలదాచుకోకపాయె పిల్ల," అంది అమ్మ.

నేను పైకి వచ్చేశాను. ఇంకేం రాయలేను.

24 అక్టోబర్

సమ్మె వాయిదా. నాయిన ఎవరితోనూ మాట్లాడకుండా పడుకున్నాడు. వీధిలో బస్సు హారన్ వినబడితే అంతా ఉలిక్కిపడి చూశారు.

9 నవంబర్, భూపాలపల్లి

గని కార్మికుల క్వార్టర్లలో సర్వే కోసం వచ్చాను. ఆరో అధ్యాయానికి కావాలి. రుక్కి ఇక్కడ ఉందని దుర్గమ్మ చెప్పగా నాకు తెలుసు. అందుకే వచ్చానని ఎవరికీ చెప్పలేదు, ఈ పుస్తకానికి కూడా ఇప్పుడే చెబుతున్నాను.

కమ్లీ తమ్ముడు లక్ష్మా ఇక్కడ గనిలో కాంట్రాక్టు పని చేస్తాడు. హరిలాల్, అంటే రుక్కి నాయిన, ఇంకో ఏడు ఫీజు కట్టలేనని పిల్లను మేనమామ ఇంటికి పంపేశాడు. మెయిన్ రోడ్డులో ఒక ప్రైవేటు దవాఖాన. అందులో ఆయా. నేను పోయేసరికి బకెట్‌లో ఫినాయిలు నీళ్ళు కలుపుతోంది. నన్ను చూసి చేతులు తుడుచుకుని నవ్వింది.

"అక్కా, మీరేంది గీడ?"

బయట చాయ్ బండి దగ్గర కూర్చున్నాం. బొగ్గు లారీలు పోతుంటే గ్లాసు మీద చెయ్యి మూసి పట్టుకుంటోంది.

"ఇంజక్షన్ ఇయ్యనిస్తరా?" అనడిగాను, ఏమనాలో తెలియక.

"ఆయాకు ఇయ్యనియ్యరక్కా. సిస్టర్ నర దొరుకక నాలుగుసార్లు గుచ్చుతది, నేను పక్కన పేషంట్ చెయ్యి పట్టుకుంట. నాకు దొరుకుతది, గాని చెప్పరాదు."

"వచ్చే ఏడు మళ్ళ చేరుతవా?"

"సూద్దాం. మామ ఒప్పుకోవాలె, నాయిన ఒప్పుకోవాలె." గ్లాసు బల్ల మీద పెట్టి, "పెద్దమ్మను ఏమనకుండ్రి అక్కా. నాకోసం ఇంట్ల మీకు పంచాయితి అయ్యుంటది. పెద్దామె పాతకాలం మనిషి, ఆమె ఏం జేస్తది," అంది.

అప్పుడు చెప్పాలి. బల్ల మీద చాయ్ ఉంది, ఎదురుగా రుక్కి ఉంది, ఎవరూ అడ్డం లేరు. కరెంటూ పోలేదు. నేను తల ఊపాను. అవునన్నట్టు, మా ఇంట్లో పెద్ద యుద్ధమే జరిగినట్టు తల ఊపాను. చాయ్‌కి డబ్బులు ఆమే ఇచ్చింది, మా ఊరికొచ్చిన్రు మీరు అని.

సర్వే చెయ్యలేదు. ఒక్క క్వార్టరుకూ పోలేదు.

20 నవంబర్, జనగామ

రిలే దీక్షలో ఈరోజు తండావాళ్ళ వంతు. దండలు వేయడానికి నాయినను పిలిచారు. నేను రానంటే అమ్మ చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

కమ్లీ టెంటులో ముందు వరుసలో కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి ముఖం పక్కకు తిప్పుకుంది. అమ్మ పోయి ఆమె ఎదురుగా కింద కూర్చుంది.

"ఏందే కమ్లీ, పండుగకు రాలేదు, కనబడితె పలుకవు. నేనేమన్న అన్ననా?"

"మీరేమంటరు పటేలమ్మా."

"పటేలమ్మ ఎందుకైన? మొన్నటిదాంక అక్కనే గదా."

కమ్లీ గొంతు పెంచకుండానే అంది: "ఓ అర్ర అడిగితిమి. ఎల్లకాలం గాదు, పిల్ల సదువు కోసమని అడిగితిమి. మీరు వద్దంటిరి. మీ ఇల్లు, మీ ఇష్టం. గాని నా రొట్టె తిని, నా పిల్లను వద్దంటిరని కడుపుల మండింది. గంతే."

అమ్మ ముఖంలో ఏమీ అర్థంకానితనం. "ఎవలడిగిన్రు? నన్నెవలడిగిన్రు?"

కమ్లీ నావైపు చూసింది. తర్వాత అమ్మ చూసింది. మైకులో ఎవరో పాట మొదలుపెట్టారు. నేను ఏదో అన్నాను. అడుగుదామనుకున్నానని అన్నాననుకుంటా. కమ్లీ ఇంక నన్ను చూడలేదు. మెడలో దండ సర్దుకుని పాటకు చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది.

ఇంటికి వచ్చాక అమ్మ చాలాసేపు వరండాలో కూర్చుంది. తిడుతుందేమోనని ఎదురుచూశాను. తిట్టలేదు.

"వద్దంటనని నీకెట్ల ఎర్క?"

"రొట్టెలు బర్రెకు పెట్టినవు కదా. ఒక్కపొద్దని అబద్ధం చెప్పి."

"పెట్టిన. రోడ్డు మీద నలుగురి నడుమ తిన్న. ఇంట్ల ఒక్కదాన్ని కూసుండి తిందామంటె మనసొప్పలే. తప్పే. దేవుని ముంగట గూడ చెప్త." కళ్ళు తుడుచుకుంది. "అర్ర అడిగితె ఏమందునో నాకు తెల్వది బిడ్డా. ఇస్తుంటినో, ఇయ్యకపోతుంటినో. గాని వద్దనేదుంటె గది నా నోటితోని రావాలె గదా. ఆ పిల్ల ముఖం జూసి నేను అనాలె. నన్ను అననియ్యకనే నాతోని అనిపిస్తివి."

ఊరందరినీ అడిగావట, నన్నడగడానికి నీకేమైంది అని కూడా అంది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నేను ఇంటి గడపే ఎక్కలేదు. నాలుగో అధ్యాయంలోని ఆ గృహిణి గురించి నేను ముప్పై ఎనిమిది పేజీలు రాశాను. ఆమెకు మంచితనం నేనే ఇచ్చాను, చెడ్డతనమూ నేనే ఇచ్చాను. ఆమెను ఒక్క మాట అడగలేదు.

21 నవంబర్

భయపడ్డాను. ఇదొక్కటే నిజం. అమ్మ కాదంటే నేను ఆ ఇంటి మనిషినని తేలిపోతుంది, అవునంటే రుక్కితో ఒకే మెట్లు, ఒకే బాత్రూం వాడాలి. రెండో సంగతి ఇప్పటిదాకా ఇక్కడ రాయలేదు.

సార్‌కు ఫోన్ చేసి నాలుగో అధ్యాయం వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. థీసిస్ డిసెంబరుకు కాదు. ఆయన ఎందుకని అడగలేదు.

22 నవంబర్

మధ్యాహ్నం రుక్కికి ఫోన్ చేశాను. అంతా చెప్పాను. అమ్మను నేను అడగనే లేదని, అడిగానని కమ్లీకి అబద్ధం చెప్పానని, భూపాలపల్లిలో కూడా దాచానని. ఒక్కసారి మొదలుపెట్టాక ఆపకుండా చెప్పాను. లైను కట్ అయిందేమోనని రెండుసార్లు హలో అన్నాను.

"ఉన్ననక్కా," అంది.

ఏదైనా అను రుక్కీ, తిట్టు అన్నాను.

"తిట్టుడెందుకు." గొంతు మామూలుగానే ఉంది. "పెద్దమ్మ ఒప్పుకోదని మాకు ముందుగాల్నే ఎర్కనే అక్కా. అవ్వకు ఎర్కనే, నాకు ఎర్కనే. అయినా మీరు ఒక్కసారి అడుగుతరని అనుకున్నం. అడుగుతరని మీ ఇంటిదాంక వచ్చినం."

ఎవరో సిస్టర్ పిలుస్తున్నట్టుంది. వార్డు కడగాలి అని ఫోన్ పెట్టేసింది.